విత్తన పత్తి ధరలోనే ఉంది పిల్లల పని

పత్తి మొగ్గ రేపు విచ్చుకుంటుందనగా ఈ రోజు మధ్యాహ్నమే దాని దగ్గరికి వెళ్ళాలి. ఆడ వరసల్లోని మొగ్గను పట్టుకుని, రేకులు ఒలిచి, నడుమనున్న కీలం దెబ్బతినకుండా చుట్టూ ఉన్న కేసరాలను గోటితో గీకేయాలి. మర్నాడు పొద్దున్నే మగ మొక్కల పూలు కోసుకొచ్చి ఆ కీలానికి పుప్పొడి అద్దాలి. చేనంతా, ఒక్కో పువ్వుకూ రెండేసి సార్లు చెయ్యి పడాలి. జోగులాంబ గద్వాల జిల్లా నడిగడ్డలో దీన్ని క్రాసింగ్ అంటారు. విత్తన పత్తి సాగుకు పట్టే పని దినాల్లో సుమారు 90 శాతం దీనికే పోతాయి. పైగా ఆగస్టు నుంచి నవంబరు దాకా, సరిగ్గా బళ్ళు నడిచే నెలల్లోనే ఈ పని జోరుగా సాగుతుంది.

ఈ క్రాసింగ్‌తో పుట్టేదే హైబ్రిడ్ విత్తనం. 1970లో సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4, వాణిజ్య స్థాయిలో సాగైన ప్రపంచపు తొలి హైబ్రిడ్ పత్తి. దేశం గర్వించదగ్గ విజయమది. ఏటేటా చేలో దాన్ని నిలబెట్టినవాళ్ళలో మాత్రం ఎక్కువమంది ఆడపిల్లలు. మొక్క ఎత్తు వాళ్ళకు సరిపోతుందనీ, చిన్న వేళ్ళైతే మొగ్గ నలగదనీ రైతులు చెబుతూ వచ్చారు. వేళ్ళ మాట ఒక సాకు. పెద్దవాళ్ళు ఆ పని చక్కగా చేయగలరని తర్వాత అవే చేలల్లో తేలింది. పిల్లలకైతే కూలి తక్కువ ఇస్తే సరిపోతుంది. తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పెడితే సీజను పొడుగునా మానరు. పొద్దుగూకేదాకా వంగి పనిచేసినా ఎదురు చెప్పరు. పురుగుమందు కొట్టిన చేలోకి పొమ్మన్నా పోతారు.

ఇదేదో పల్లెల వెనకబాటుతనం అనుకునేవాళ్ళు ఆ విత్తనం ఎవరి కోసం పండుతోందో చూడాలి. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన నివేదిక ఆ దారి పట్టుకునే వెళ్ళింది. 1999-2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పత్తి విత్తన చేలల్లో సుమారు రెండున్నర లక్షల మంది పిల్లలు పనిచేశారన్నది ఆయన అంచనా. ఆ విత్తనం మోన్‌శాంటో, బేయర్, సింజెంటా, యూనిలీవర్ వంటి బహుళజాతి సంస్థలకు, వాటి అనుబంధ కంపెనీలకు చేరుతోందని యూరప్ పాఠకులకు తెలిసింది అప్పుడే. అంతవరకూ కర్నూలు, మహబూబ్‌నగర్ పల్లెల పేర్లు వాళ్ళు విని ఉండరు.

కంపెనీలకు రైతుతో నేరుగా లావాదేవీ ఉండదు. మధ్యలో ఆర్గనైజరు ఉంటాడు. మూల విత్తనం ఇచ్చేదీ, పెట్టుబడి అప్పిచ్చేదీ, పండిన విత్తనం కంపెనీకి చేర్చేదీ ఆయనే. జన్యు స్వచ్ఛతను తేల్చే జీవోటీ (గ్రో-ఔట్ టెస్ట్) పరీక్షలో విత్తనం ఫెయిలైందంటే ఆ నష్టం రైతు నెత్తినే పడుతుంది. ఈ ఏర్పాటులో కొనుగోలు ధర పైనుంచి వస్తుంది, కూలి కింద తేలుతుంది. 2005లో వెంకటేశ్వర్లు, మరో పరిశోధకురాలు లూసియా డ కోర్టా కలిసి ఈ లెక్కే విప్పి చూపారు. కంపెనీలు ఇచ్చే ధరతో పెద్దవాళ్ళకు సరైన కూలి ఇచ్చి క్రాసింగ్ చేయిస్తే రైతుకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. పిల్లల కూలి మీద ఆదా అయ్యే మొత్తం ఆ ధరలో ముందే కలిసిపోయి ఉంది. ఈ వ్యవహారంలో గుండెకాయ వంటి నిజం ఇది. కానీ బాల కార్మిక వ్యవస్థ మీద జరిగే సభల్లో దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

పేదరికం ఉన్నన్నాళ్ళూ పిల్లలు పనికి పోక తప్పదని, పోకపోతే ఇల్లు గడవదని ఇప్పటికీ చదువుకున్నవాళ్ళే అంటుంటారు. పాలమూరును (మహబూబ్‌నగర్‌ను) చూసైనా వాళ్ళు మాట మార్చుకోవాలి. దశాబ్దాల తరబడి ఆ జిల్లా పెద్దలు పని దొరక్క హైదరాబాద్, ముంబయి, పుణె వలస వెళ్ళి కాంక్రీటు మోశారు. వాళ్ళ ఊళ్ళ పరిసరాల్లోనే వేల ఎకరాల విత్తన పత్తిలో పిల్లలకు పని దొరికింది. పిల్లలు తక్కువ కూలికి దొరికినన్నాళ్ళూ పెద్దల కూలి పెరగదు. పెద్దల కూలి పెరగనన్నాళ్ళూ పిల్లల్ని పంపక తప్పదన్న మాట ఆగదు.

ప్రయత్నాలు జరగలేదని కాదు, జరిగిన చోట ఫలితమూ కనిపించింది. శాంతా సిన్హా నాయకత్వంలో స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ పిల్లల్ని చేల నుంచి తెచ్చి బ్రిడ్జి కోర్సుల్లో కూర్చోబెట్టి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. బడికి పోని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్న ఆ సంస్థ వాదన నచ్చనివాళ్ళు ఉన్నారు గానీ, ఊళ్ళ మీద పనిచేసింది ఆ ఖండితమైన మాటే. విమర్శలు ముదిరాక కొన్ని కంపెనీలు కదిలాయి. పిల్లల్ని పెట్టుకోని రైతుకు అదనపు బోనస్, పెట్టుకున్నవాళ్ళపై చర్య, చేల తనిఖీ మొదలయ్యాయి. తనిఖీ గట్టిగా జరిగిన చేలల్లో పద్నాలుగేళ్ళలోపు పిల్లలు బాగా తగ్గారు.

తగ్గినవాళ్ళంతా బడికే పోయారనుకుంటే పొరపాటు. సాగు పెద్ద రైతుల నుంచి చిన్న కమతాలకు మళ్ళింది. కూలికొచ్చే పిల్లల స్థానంలోకి సొంత పిల్లలు వచ్చారు. గుజరాత్‌లో దక్షిణ రాజస్థాన్ ఆదివాసీ పిల్లల్ని తెచ్చి ఇదే పని చేయించారు. 2015లో వచ్చిన మరో అధ్యయనం దేశం మొత్తం మీద పత్తి విత్తన చేలల్లో పద్దెనిమిదేళ్ళలోపువారు దాదాపు ఐదు లక్షల మంది ఉన్నారనీ, వారిలో రెండు లక్షల మంది పద్నాలుగేళ్ళలోపువారేననీ లెక్కగట్టింది. అమెరికా కార్మిక శాఖ తన జాబితాలో భారత హైబ్రిడ్ పత్తి విత్తనాన్ని బాలల శ్రమతో తయారయ్యే సరుకుగా చేర్చింది.

2016లో పార్లమెంటు బాల కార్మిక చట్టాన్ని సవరించింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదంది. అదే నోటితో, బడి వేళలు అయ్యాక, సెలవుల్లో కుటుంబానికి సాయం చేయవచ్చని మినహాయింపూ ఇచ్చింది. సాగు చిన్న కమతాల్లోకి, ఇంటి మనుషుల మీదికి మళ్ళిన పంటకు అంతకంటే అనువైన సందు ఏముంటుంది? పొద్దున ఆరింటి నుంచి పుప్పొడి అద్దిన పిల్ల తొమ్మిదింటికి బడికి వచ్చిందో లేదో చూసే కార్మిక శాఖ అధికారి ఏ మండలంలో ఉన్నాడు?

ప్రపంచవ్యాప్తంగా చూసినా కథ వ్యవసాయం దగ్గరే ఎక్కువగా ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ 2025లో ఇచ్చిన అంచనా ప్రకారం 13.8 కోట్ల మంది బాలలు పనిలో ఉన్నారు, వారిలో 61 శాతం వ్యవసాయంలోనే. 2025 నాటికి బాల కార్మిక వ్యవస్థ ఉండకూడదని ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ పెట్టుకున్న గడువు దాటిపోయింది. సరఫరా గొలుసులో జరిగే అన్యాయాలకు పెద్ద కంపెనీలే జవాబుదారీ అంటూ యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన చట్టం అమలు కూడా 2025లో వాయిదా పడింది. చొక్కా కుట్టిన ఫ్యాక్టరీ దాకా వెళ్ళే తనిఖీ, ఆ చొక్కా పత్తికి విత్తనం పండిన చేను దాకా రావడం అరుదు.

పత్తి విత్తనం ధరలో జోక్యం సాధ్యం కాదనే వాదన నిలవదు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జన్యుమార్పిడి బీటీ పత్తి విత్తనాల రాయల్టీ మీద, గుత్తాధిపత్య వ్యాపార ధోరణులను విచారించే ఎమ్మార్టీపీ కమిషన్‌లో పోరాడి, ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. 2015లో కేంద్రం ధరల నియంత్రణ ఉత్తర్వే తెచ్చింది. ఏటా గరిష్ఠ ధర ప్రకటిస్తోంది. దుకాణంలో ప్యాకెట్ ధర ఎంతో ఢిల్లీ చెప్పగలిగినప్పుడు, అదే విత్తనం పండించిన రైతుకు కనీసం ఎంత దక్కాలో కూడా చెప్పగలదు. పెద్దల కనీస వేతనంతో క్రాసింగ్ ఖర్చు కట్టి, దాన్ని కొనుగోలు ధరలో చూపాలి. కంపెనీ, ఆర్గనైజరు, రైతు ముగ్గురూ సంతకం పెట్టిన ఒప్పందం కలెక్టరు కార్యాలయంలో ఉండాలి. చేలో పిల్లలు కనిపిస్తే కేసు రైతు ఒక్కడి మీదే కాకుండా ఒప్పందంలో పేరున్న కంపెనీ మీదా నమోదు కావాలి. మూల విత్తనం రైతుల చేతికి అందకముందే, వేసవిలోనే ఈ ఒప్పందాలు పూర్తయితే, ఆగస్టులో మొగ్గ తొడిగే నాటికి ఆ చేలలోకి కూలికి వచ్చేది పెద్దవాళ్ళే అవుతారు.