ఖర్జూరం మానడం, కూలి మాన్పించడం: రెండూ ఒకే బహిష్కరణా?

2024 మార్చిలో రంజాన్ మొదలయ్యే ముందు మా ఫోన్లకు ఒకే సందేశం రకరకాలుగా వచ్చింది. ఖర్జూరం కొనేటప్పుడు పెట్టె వెనక్కి తిప్పండి, ఏ దేశంలో పండిందో చూడండి అని. గాజా మీద బాంబులు పడుతున్న రోజులవి. రోజా విడిచే వేళ నోట్లో వేసుకునే మొదటి పండు ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న జోర్డాన్ లోయ తోటల నుంచి రాకూడదన్నది ఆ పిలుపు. కూల్‌డ్రింకులు, బర్గర్లు, కాఫీ కంపెనీల పేర్లు కూడా ఆ జాబితాల్లో చేరాయి.

మా మిత్రుల్లో కొందరు దాన్ని వెంటనే పదిమందికి పంపారు. కొందరు ఆగారు. ఆగినవాళ్లలో గోదావరి జిల్లాల పేటల నుంచి వచ్చినవాళ్లున్నారు. వాళ్లకు పాలస్తీనా మీద పట్టింపు లేదని ఎవరూ అనుకోవద్దు. 'బహిష్కరణ' అన్న మాట చెవిన పడగానే వాళ్లకు ముందు గుర్తొచ్చేది గరగపర్రు.

పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలంలోని గరగపర్రులో 2017 ఏప్రిల్ చివర దళితులు అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నారు. ఊళ్లో మిగతా విగ్రహాలున్న చోటే పెట్టారు. రాత్రికి రాత్రే దాన్ని అక్కడి నుంచి తీసేశారు. దళితులు నిరసనకు దిగారు. మే మొదటి వారంలో భూములున్న కులాలవాళ్లు సమావేశమై దళితుల్ని పనుల్లోకి పిలవకూడదని తీర్మానించుకున్నారు. చేలల్లో కూలి ఆగింది. కౌలుకిచ్చిన భూములు వెనక్కి లాక్కున్నారు. జూన్ చివర్లో నాయకులు, కమిషన్లు, కెమెరాలు వచ్చేదాకా ఇది బయటి ప్రపంచానికి పెద్దగా తెలియలేదు. ఆ ఏడాది రంజాన్ మే 28న మొదలై జూన్ 26 పండగతో ముగిసింది. ఆ నెల పొడుగునా గరగపర్రు పేటలో కూలి లేదు.

ఖర్జూరం కొనకపోవడాన్నీ, కూలికి పిలవకపోవడాన్నీ తెలుగు పత్రికలు ఒకే మాటతో రాస్తాయి. అందువల్ల రెండు తప్పులు జరుగుతున్నాయి. ఆధిపత్య కులాల వెలికి 'శాంతియుత నిరసన' అనే ముసుగు దొరుకుతోంది. బలహీనుల నిరసనకు 'మీరూ అదే పని చేస్తున్నారుగా' అనే నింద దొరుకుతోంది. ఈ ముడి విప్పాలన్నదే మా ప్రయత్నం.

పాఠ్యపుస్తకాల్లో బహిష్కరణకు మంచి పేరుంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి స్వదేశీ, విదేశీ వస్తు బహిష్కరణ ప్రచారం చేశారు. వందేమాతరం అన్నందుకు ట్రైనింగ్ కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావును పంపేశారు. గోదావరి ఒడ్డున చదువుకున్న ప్రతి విద్యార్థికీ ఈ కథ తెలుసు. అదే గోదావరి కాలువల కింద పేటల్లో తరతరాలుగా నడిచిన వెలి మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

ఆ పాఠం రాసినవాడు అంబేద్కర్. ఆయన సభ్యుడిగా ఉన్న బొంబాయి స్టార్టే కమిటీ 1930లో నివేదిక ఇచ్చింది. అణగారిన కులాలు హక్కులు అడిగిన చోటల్లా ఊరి పెద్దలు వాడే పదునైన ఆయుధం సాంఘిక బహిష్కరణేనని అది గుర్తించింది. భూమి లేకపోవడం, కౌలు ఎప్పుడైనా పోయేది కావడం, కూలి ఊరి మీదే ఆధారపడటం, వీటివల్లే ఆ ఆయుధం తెగుతుందని చెప్పింది. గరగపర్రు దీనికి ఎనభై ఏడేళ్ల తర్వాతి ఉదాహరణ. అదే 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ ఇచ్చిన పత్రం బహిష్కరణను నేరం చేయాలని కోరింది. అందుకు నమూనాగా 1922 నాటి బర్మా బహిష్కరణ వ్యతిరేక చట్టాన్ని తీసుకుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణలు విడి నేరంగా చేరింది మాత్రం 2015 సవరణతోనే. అది 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు.

ఇక రెండో రకం చూద్దాం. 2018 ఏప్రిల్‌లో మొరాకో ప్రజలు మూడు బ్రాండ్లను కొనడం మానేశారు: సెంట్రాల్ డానోన్ పాలు, సిదీ అలీ నీళ్లు, అఫ్రికియా పెట్రోలు. ధరలు మండిపోతున్నాయి, వ్యాపారమూ అధికారమూ ఒకే చేతిలో ఉన్నాయి అన్నది వాళ్ల కోపం. అఫ్రికియా యజమాని అజీజ్ అఖన్నూష్ అప్పుడు వ్యవసాయ మంత్రి. మే మధ్యలో రంజాన్ వచ్చింది. పాలు ఎక్కువగా అమ్ముడయ్యే నెల అది. ఆ నెలలోనూ జనం పట్టు విడవలేదు. డానోన్ ప్రపంచాధిపతి స్వయంగా మొరాకో వచ్చి మాట్లాడాల్సి వచ్చింది. చివరికి ఆ పాలను లాభం లేకుండా అమ్ముతామని కంపెనీ సెప్టెంబరులో ప్రకటించింది. ఊరేగింపు తీస్తే లాఠీ పడే దేశంలో, పాల ప్యాకెట్ కొనకపోతే ఎవరూ అరెస్టు చేయలేరు. పేదవాడికి అందిన ఆయుధం అది.

మూడోది మన పొరుగునే జరిగింది. 2022లో ఏప్రిల్ 2న ఉగాది, మర్నాడే రంజాన్ ఉపవాసాలు మొదలు. కర్ణాటకలో హిందూత్వ సంస్థలు హలాల్ మాంసం కొనొద్దని అప్పుడే పిలుపునిచ్చాయి. దానికి ముందు మార్చిలోనే గుడి జాతరల్లో ముస్లిం వ్యాపారులకు అంగళ్లు ఇవ్వకుండా ఆపారు. ఇక్కడా జరిగింది కొనకపోవడమే, ఇక్కడా వస్తువు తిండే. చూడటానికి మొరాకోలాగే ఉంది. లోపల మాత్రం గరగపర్రే ఉంది.

తేడా ఎలా తెలుస్తుంది? మేం మూడు ప్రశ్నలు అడుగుతాం.

మొదటిది, ఎవరు ఎవర్ని కాదంటున్నారు? మొరాకోలో గృహిణి ఒక బహుళజాతి కంపెనీని కాదంది. కర్ణాటకలో అధికార పార్టీ అండ ఉన్నవాళ్లు జాతరలో గాజులమ్మేవాణ్ని, మాంసం కొట్టేవాణ్ని కాదన్నారు. గరగపర్రులో భూమి ఉన్నవాడు రోజు కూలివాణ్ని కాదన్నాడు.

రెండోది, అవతలివాళ్లు ఏం చేస్తే ఇది ఆగుతుంది? డానోన్ ధర తగ్గించవచ్చు. ఒక కంపెనీ ఆక్రమిత భూముల్లో వ్యాపారం మానుకోవచ్చు. ముస్లిం చికెన్ కొట్టు యజమాని ఏం మానుకోవాలి? గరగపర్రు దళితుడు ఏం మానుకోవాలి? తాను తానుగా ఉండటం మానుకోవాలి. చేసిన పని మీద పెట్టే షరతు నిరసన అవుతుంది. పుట్టుక మీద పెట్టేది వెలి.

మూడోది, మర్నాడు పొయ్యి ఎవరింట్లో వెలగదు? ఈ ప్రశ్న న్యాయమైన బహిష్కరణలను కూడా వదలదు. మొరాకోలో డానోన్‌కు పాలు పోసే రైతులు దాదాపు లక్షా ఇరవై వేలమంది. కంపెనీ వాళ్ల దగ్గర పాల సేకరణ 30 శాతం తగ్గించింది, 886 మంది తాత్కాలిక కార్మికుల్ని తీసేసింది. అఖన్నూష్ మాత్రం 2021లో ఆ దేశ ప్రధానమంత్రి అయ్యాడు. 2024 మార్చిలో, రంజాన్‌కు కొద్ది రోజుల ముందు, పశ్చిమాసియాలో స్టార్‌బక్స్ దుకాణాలు నడిపే కువైట్ సంస్థ అల్‌షాయా రెండు వేలమందికి పైగా ఉద్యోగుల్ని తొలగించింది. కువైట్ అంటే మన జిల్లాలకు పరాయి ఊరు కాదు. ఉభయ గోదావరుల నుంచి ఎందరో దళిత, బహుజన స్త్రీలు ఇంటిపనికి వెళ్లిన చోటు. గల్ఫ్‌లో వ్యాపారం కాస్త తగ్గితే ముందుగా టికెట్ చేతిలో పెట్టేది వలస కూలికేనని మన ఇళ్లలో తెలియనిది కాదు.

అందుకని బహిష్కరణే వద్దనాలా? మేం అలా అనడం లేదు. కూలీల్ని తీసేసింది కంపెనీలు. తమ నష్టాన్ని కిందివాళ్ల మీదికి నెట్టి, 'చూశారా, మీ నిరసన పేదల కడుపు కొట్టింది' అని చెప్పడం వాటి పాత ఎత్తు. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. కంపెనీ దిగిరావాలన్న డిమాండ్ పక్కనే, ఒక్క కార్మికుణ్ని కూడా తీయకూడదన్న డిమాండ్ ఉండాలి.

ఇది మన డెల్టాకు దూరపు మాట కాదు. అదే 2024 మార్చిలో అమెరికాకు చెందిన ది ఔట్‌లా ఓషన్ ప్రాజెక్ట్ అనే జర్నలిస్టుల సంస్థ అమలాపురం ప్రాంతంలోని ఒక రొయ్యల కర్మాగారంలో కార్మికుల పరిస్థితుల మీద కథనాలు వెలువరించింది. కంపెనీ ఆ ఆరోపణలను ఖండించింది. ఆంధ్రా రొయ్యకు పెద్ద మార్కెట్ అమెరికాయే. రేపు అక్కడి వినియోగదారులు మన రొయ్య ముట్టబోమంటే, నైతికంగా వాళ్లను తప్పుపట్టలేం. కానీ మొదట పని పోయేది షెడ్డులో మంచుగడ్డల మధ్య నిలబడి రొయ్య వలిచే ఆడవాళ్లకు. ఆ పిలుపు ఇవ్వాలా, ఎలా ఇవ్వాలి అన్నది తేల్చే కుర్చీలో వాళ్లుండాలి. మనం ఖర్జూరం గురించి మాట్లాడేటప్పుడు పాలస్తీనా సంఘాల మాట ఎందుకు వింటున్నామో, ఇక్కడా అదే కారణం. 2005లో బహిష్కరణకు పిలుపునిచ్చింది దెబ్బ తిన్న ఆ సమాజమే.

దళితులకు కొనే శక్తి లేదు కాబట్టి బహిష్కరణ మన ఆయుధం కాదన్న వాదన కూడా విన్నాం. అది చరిత్రకు నిలవదు. 1985లో కారంచేడు దళితులు ఊరు వదిలి చీరాల చేరి, తిరిగి వెళ్లబోమన్నారు. ఊరికి తమ చాకిరీ లేకుండా చేశారు. 2016లో ఊనా దాడి తర్వాత గుజరాత్ దళితులు పశువుల కళేబరాలు ఎత్తమన్నారు, వాటిని తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేశారు. మన చేతిలో డబ్బు తక్కువ కావచ్చు, శ్రమ ఉంది. దాన్ని ఆపడమే మన బహిష్కరణ.

ఇక చట్టం సంగతి. ఆర్థిక బహిష్కరణ నేరమన్న రక్షణ ఎస్సీ, ఎస్టీలకే ఉంది. హలాల్ పేరుతో కొట్టు మూయించిన ముస్లింకు ఈ చట్టం వర్తించదు. క్రైస్తవంలోకి మారినవారు ఈ చట్టాన్ని వాడుకోలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. పేటపేటకూ చర్చి ఉన్న మన డెల్టాలో దీని అర్థం ఏమిటో వివరించనక్కర్లేదు. వెలి వేసేవాడు సర్టిఫికెట్ చూసి వేయడు. వెలిని ఎవరి మీద వేసినా నేరం చేసే చట్టం కావాలి. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ మీద విడిగా చట్టం చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ ఎందుకు చేయకూడదని అడగాల్సింది మనమే, ముస్లిం సంఘాలతో కలిసి అడగాల్సిందీ మనమే.

అందుకే వచ్చే రంజాన్‌కు ఆ సందేశం మళ్లీ వస్తే మేం పంపుతాం. దానికి రెండు వాక్యాలు చేర్చి పంపుతాం: పెట్టె మీద దేశం పేరు చూడండి, తోపుడుబండి మీద అమ్మేవాడి పేరు అడగకండి. పండు ఎక్కడిదో తెలుసుకోవడం మన హక్కు, అమ్మేవాడు ఎవరో చూసి వెనక్కి తిరగడం గరగపర్రు.