మామూలే అనకండి

“వయసు మీద పడింది కదా, మామూలే.” బంజారా హిల్స్‌లో ఏ ఇంటి హాల్లో కూర్చున్నా ఈ మాట వినపడుతుంది. అడిగిందే నాలుగుసార్లు అడిగే తాతగారి గురించీ, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయిన అమ్మమ్మ గురించీ ఇదే మాట. దానికి చాదస్తం అని పేరు పెట్టి ఓ మూల కూర్చోబెడతారు. ప్రేమతో అన్నా సరే, ఈ మాట తప్పు. అది ఎందుకు తప్పో చెప్పే ఆధారాల్లో కొన్ని ఈ కొండ దిగువనే, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో దొరికాయి.

పేరు గుర్తుకు రావడానికి కాసేపు పట్టడం వయసు. రోజూ నడిచే వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్క తెలియకపోవడం, కన్నకూతుర్ని ఎవరమ్మా నువ్వు అని అడగడం జబ్బు. వైద్యులు దాన్ని డిమెన్షియా అంటారు. అల్జీమర్స్ అందులో ఎక్కువగా కనిపించే రకం. దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది, నిజమే. కానీ 60 దాటిన నూరుమందిలో తొంభైమందికి పైగా అది లేదు. కొందరికే వచ్చేదాన్ని మామూలు అని ఎలా అంటాం?

మా పెద్దమ్మ సంగతి చెబుతాను. పెళ్ళయి మద్రాసు వెళ్ళి, కోడంబాక్కంలో సినిమా కాస్ట్యూములు కుట్టింది. పరిశ్రమ హైదరాబాదు వచ్చేసినప్పుడు తనూ వచ్చి కృష్ణానగర్‌లో మిషను వేసుకుంది. బడి మొహం చూడలేదు. కానీ ఇంట్లో తెలుగు, పాత మాస్టర్లతో తమిళం, పత్తర్‌గట్టీ బట్టల కొట్లో ఉర్దూ, మూడూ గడగడా మాట్లాడేది. కొడుకు బంజారా హిల్స్‌లో ఇల్లు కట్టాక మిషను కృష్ణానగర్‌లోనే ఉండిపోయింది. రెండేళ్ళకు మరుపు మొదలైంది. అందరం మామూలే అన్నాం. నేనూ అన్నాను. అలా ఇంకో రెండేళ్ళు గడిచాయి.

చివరికి ఒక డాక్టరుకు చూపిస్తే, ఆయన కాగితం, పెన్సిలు ఇచ్చి గడియారం గీయమన్నారు. పెద్దమ్మ పెన్సిల్ని టైలరు సుద్దలా అడ్డంగా పట్టుకుంది. గుండ్రం గీయమంటే జాకెట్టు మెడ గీసింది. అంకెలు వేయలేదు. అసలు వేయడం రాదు. అది చూసి ఆయన జబ్బు ముదిరిందని రాసిచ్చారు. చదువురాని మనిషికి చదువుకున్నవాళ్ళ పరీక్ష పెడితే తేలేది జబ్బు కాదు, ఆమె బడికి వెళ్ళలేదన్న సంగతే. ఈ పొరపాటు జరగకూడదనే భారత వైద్య పరిశోధన మండలి చదువురానివారికీ పనికొచ్చేలా తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షలు తయారుచేయించింది. మీ పెద్దవాళ్ళకు ఏ పరీక్ష పెడుతున్నారో అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇక రెండో మాట: “బాగా చదువుకున్నవాళ్ళకు, రోజూ పజిళ్ళు చేసేవాళ్ళకు ఇది రాదు.” దీనికి జవాబు నిమ్స్‌లోనే ఉంది. అప్పట్లో అక్కడ నరాల వైద్యురాలైన అల్లాడి సువర్ణ, ఉస్మానియా భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, మరికొందరు కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. 2013లో ప్రచురించారు. వీరిలో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారిలో లక్షణాలు సగటున 61.1 ఏళ్ళకు మొదలైతే, వీరిలో 65.6 ఏళ్ళకు మొదలయ్యాయి. నాలుగున్నరేళ్ళ తేడా. అసలు విశేషం ఏమిటంటే, చదవడం రాయడం రానివారిలో ఈ తేడా ఇంకా ఎక్కువ, దాదాపు ఆరేళ్ళు. అంటే ఇది బడి చదువు పుణ్యం మాత్రమే కాదు. అంతకుముందు కెనడాలో జరిగిన పరిశోధనల్లో రెండు భాషలు వచ్చినవారు చాలామటుకు వలస వచ్చినవారు కావడంతో, తేడా భాషదా, వలసదా అన్న అనుమానం మిగిలింది. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. ఇక్కడ గల్లీలో పెరిగినవాడికే రెండు మూడు భాషలు వస్తాయి.

ఒక భాష మాట్లాడుతూ ఇంకోదాన్ని ఆపి ఉంచడం, ఎదుటి మనిషిని బట్టి క్షణంలో మార్చుకోవడం మెదడుకు రోజంతా నడిచే సాధన అని పరిశోధకుల ఆలోచన. పెద్దమ్మ పత్తర్‌గట్టీలో గజం ధర బేరమాడినప్పుడల్లా ఆ సాధన జరిగింది.

అయితే ఈ పరిశోధన పేరు చెప్పి అతిగా మాట్లాడేవాళ్ళనూ ఖండించాలి. “రెండు భాషలొస్తే డిమెన్షియా రాదు” అంటున్నారు. ఆ 648 మందీ డిమెన్షియా రోగులే కదా! భాషలు జబ్బును ఆపలేదు, ఆలస్యంగా వచ్చినట్టు కనిపించింది, అంతే. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభమూ కనపడలేదు. పైగా ఇది ఆసుపత్రికి వచ్చినవారి లెక్క. భాషే కారణమని దీనితోనే తేల్చలేం. ఆ హద్దులు చెప్పి కూడా ఈ ఫలితం విలువైనదే అంటాను.

మూడో మాట: “ఇప్పుడు మందులొచ్చాయి, కొనేద్దాం.” జ్ఞాపకశక్తికని అమ్మే జింకో బిళ్ళల్ని అమెరికాలో 3,069 మంది పెద్దలమీద ఏళ్ళ తరబడి పరీక్షించి, అవి డిమెన్షియాను ఆపలేదని 2008లోనే ప్రకటించారు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ నిజమైన మందే. తొలిదశ అల్జీమర్స్‌లో 18 నెలల్లో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. వినడానికి పెద్ద సంఖ్య. 18 పాయింట్ల కొలమానంలో చూస్తే ఆ తేడా 0.45 పాయింటు. ఆ పరీక్షలో దాన్ని రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కించారు. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ ఎమ్మారై తీయాలి. పోయిన జ్ఞాపకాన్ని అది తిరిగి తేదు. దాన్ని తక్కువ చేయడం లేదు. దానిమీద భారం వేసి, చేతిలో ఉన్నవి వదిలేయడమే తప్పంటున్నాను.

చేతిలో ఉన్నవేమిటి? లాన్సెట్ కమిషన్ 2024లో 14 ముప్పులను లెక్కగట్టింది. వాటన్నిటినీ సరిచేయగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యపడవచ్చని చెప్పింది. బీపీ, షుగరు, పొగ, ఒంటరితనం, వినికిడి లోపం అందులో ఉన్నాయి. చూపు మందగించినా చికిత్స చేయించకపోవడం కొత్తగా చేరింది. సియాటిల్ ప్రాంతంలో 3,038 మందిని గమనిస్తే, శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవారిలో డిమెన్షియా ముప్పు 29 శాతం తక్కువగా కనిపించింది. సినిమావాడైన ఎల్వీ ప్రసాద్ ఇచ్చిన విరాళంతో మొదలైన కంటి ఆసుపత్రి ఈ బంజారా హిల్స్‌లోనే ఉంది. ఆ దారినే రోజూ కార్లలో పోతూ, ఇంట్లో పెద్దావిడ కళ్ళలో పొర కనబడుతున్నా మామూలే అనుకోవడం న్యాయమా? వినికిడి యంత్రాల పరీక్ష ఫలితం అంత సూటిగా లేదు. 70 నుంచి 84 ఏళ్ళ 977 మందిని మొత్తంగా చూస్తే తేడా రాలేదు. ముప్పు ఎక్కువున్నవారిలో మాత్రం మూడేళ్ళలో ఆలోచనాశక్తి క్షీణత 48 శాతం తగ్గింది.

“ఇవన్నీ చేసినవాళ్ళకూ వచ్చింది కదా” అంటారు. వచ్చింది. మిగతా 55 శాతం ఇంకా మన చేతుల్లో లేదు. అందుకని చేతిలో ఉన్న దాదాపు సగాన్ని పారేసుకుంటామా?

పెద్దమ్మను తరవాత ఇంకో చోట చూపించాం. బీపీ ఎక్కువ. రెండు కళ్ళలో శుక్లాలు. కుడి చెవి దాదాపు పనిచేయదు. ఇంట్లో మనవలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. సగం వినపడక, విన్నది అర్థంకాక, ఆవిడ మాట్లాడటమే మానేసిందని అప్పుడు తెలిసింది. జబ్బు ఉంది, తొలిదశ. ఆపరేషన్ అయింది, చెవికి మిషను పెట్టాం. మరుపు పోలేదు. పోతుందని ఎవరూ చెప్పలేదు. కానీ ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కిస్తోంది. మనవరాలు పక్కన కూర్చుని, “నానమ్మా, దీన్ని తమిళంలో ఏమంటారు?” అని అడుగుతోంది. పెద్దమ్మ చెబుతోంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మధ్య మాట తగ్గించారా? ఈ వారమే కళ్ళు, చెవులు, బీపీ చూపించండి. ఆ తరవాత వాళ్ళ భాషలో వాళ్ళతో మాట్లాడండి. మామూలే అని మాత్రం అనకండి. ఆ మాటతో మా ఇంట్లో రెండేళ్ళు పోయాయి.