జనరేటరుతో కాపురము

ఆశ్వయుజ కార్తికములు వచ్చుచున్నవనగా కోనసీమ యిల్లాండ్రకు పండుగల తలపుతోపాటు తుఫానుల తలపును వచ్చును. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేది రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుఫానును చూచినవారు దానిని మరువలేరు. కొబ్బరితోటలు వరుసలు వరుసలుగా నేలకొరిగినవి. చెట్లతోపాటు స్తంభములును కూలుటచే ఊళ్లకు ఊళ్లు చాల దినములు చీకటిలో నుండినవి. 2022 జూలైలో గోదావరి వరద లంకలను ముంచెత్తెను. 2025 అక్టోబరు 28వ తేది రాత్రి మొంథా తుఫాను నరసాపురము చేరువను తీరము దాటెను. గాలి వీచినను, నీరు పొంగినను మన యిండ్లనుండి మొదట సెలవు గైకొనునది కరెంటు. తీగలు తెగిపడి ప్రాణహాని కలుగకుండుటకై ముందుగానే సరఫరాను నిలుపుటయు గలదు.

పూర్వము చీకటియన్న లాంతరు వెలిగించుకొనిన తీరెడిది. నేడట్లు కాదు. అత్తగారి ఇన్సులిను ఫ్రిజ్జులో నుండును. మేడమీది తొట్టికి నీరెక్కించునది మోటారు. ఉబ్బసపు రోగికి ఆవిరిమందు పట్టు యంత్రమునకును కరెంటే కావలెను. దూరదేశమందున్న బిడ్డలకు క్షేమము తెలుపు ఫోనుకును అదియే ప్రాణము. అందుచేత రాజోలు, అమలాపురము ప్రాంతములందు పెండ్లిపందిళ్లలో మాత్రమే కనబడుచుండిన జనరేటరు, చిన్నదై, చేతపట్టి మోయదగినదై, ఇండ్లలోనికిని వచ్చినది. దానిని కొని తెచ్చువారు పురుషులు. తాడు లాగి నడిపించి వీధిలోనికి పోవువారును వారే. ఆ పిమ్మట దానితో కాపురము చేయవలసినది మనము. కావున దాని గుణగణములు మనకు దెలిసియుండుట మేలు.

లైనుమీద వచ్చు కరెంటునకును, ఈ చిన్న యంత్రము పుట్టించు కరెంటునకును భేదము గలదు. మన దేశములో నిండ్లకు వచ్చునది 230 వోల్టులది. అది క్షణమునకు 50 మారులు దిశ మార్చుకొని మరల మొదటికి వచ్చుచుండును. లక్షల యిండ్లకు గలిపి పెద్ద పెద్ద యంత్రములు దానిని పుట్టించుచుండగా, మన యింట నొక ఫ్రిజ్జు వేసినంత మాత్రమున దానికి చీమ కుట్టినట్లయిన నుండదు. చేతి జనరేటరు సంగతి వేరు. సాధారణముగా దాని యింజను నిముషమునకు 3000 మారులు తిరిగిననే ఆ 50 అను లెక్క సరిపోవును. బరువు మీద పడగానే యింజను తూలును, వేగము తగ్గును, దానితో వోల్టేజియు తగ్గును. యింజను తేరుకొని పెట్రోలు ఎక్కువ త్రాగి నిలద్రొక్కుకొనులోపల మీరా బరువును తీసివేసితిరా, ఒక్క పరుగు ముందుకు పరుగెత్తి వోల్టేజి పైకి లేచును. దీపము ఒకమారు మసకబారి ఒకమారు భగ్గుమనుట మీరు చూచియే యుందురు.

దీపమునకు దీనివలన వచ్చు చిక్కు స్వల్పము. ఫ్రిజ్జునకట్లు కాదు. అందలి కంప్రెసరు ఏకచక్రపురములోని వృకోదరునివంటిది. నడుచుచున్నప్పుడు నూటయేబది వాట్లతో తృప్తిపడునది, బయలుదేరు క్షణమున మాత్రము దానికి అయిదారింతలు కోరును. ఆ క్షణమున జనరేటరు అంతటి పెట్టు పెట్టలేనిచో మోటారు తిరుగలేక, మూలుగుచు, వేడెక్కి, తుదకు తీగచుట్టు కాలిపోవును. కనుక కాగితముమీద వాట్లు కూడి 'సరిపోవును' అనుకొనుట చాలదు. ఆరంభపు టాకలిని గూడ లెక్కింపవలెను. అరగుర్రపు నీటిమోటారు విషయమును ఇట్టిదే. ఇస్త్రీపెట్టె, గీజరు, ఇండక్షను పొయ్యి యనునవి కేవలము వేడికొరకు వేయివాట్లు, రెండువేలవాట్లు మ్రింగునవి. చిన్న జనరేటరున్న యింట వానిని తలచుకొనను వలదు.

టీవీ, కంప్యూటరు మున్నగువానికి ఆకలి తక్కువయే గాని సుకుమారము ఎక్కువ. వోల్టేజి ఎగిరిపడుటను అవి సహింపవు. వానికొరకే ఇన్వర్టరు జనరేటరు అను నొక రకము వచ్చినది. అది యింజను పుట్టించిన కరెంటును ముందు ఏకదిశ కరెంటుగా మార్చి, మరల నున్నని అలగా తీర్చి యిచ్చును. బరువు తగ్గినప్పుడు యింజను నెమ్మదించునుగాన చప్పుడు తక్కువ, పెట్రోలు వ్యయమును తక్కువ. వెల మాత్రము హెచ్చు. క్రొత్తగా కొనదలచినవారికి, శక్తి యున్నచో, నేను దానినే చెప్పుదును. (ఇంట బ్యాటరీతో నుండు ఇన్వర్టరు వేరు, ఇది వేరు, అంగడివాని మాటలలో రెండును కలిసిపోవుచున్నవి.) పాతరకము ఉన్నవారు వరుస పాటించినచో చాలవరకు నష్టము తప్పును.

ఆ వరుస యిది. యంత్రమునకు ఏమియు తగిలింపక నడిపించి రెండు మూడు నిముషములు కుదురుకొననిండు. పిమ్మట మొదట ఫ్రిజ్జు, స్టెబిలైజరు ద్వారా. అది సద్దుమణిగినతరువాత పంకాలు, దీపములు. కడపట ఫోను, టీవీ. మిక్సీ వేయవలసి వచ్చినచో టీవీని ఆపి వేయుడు. నీటిమోటారును ఒంటరిగా నడుపుకొని, తొట్టి నిండినతరువాత తక్కినవాని మాట చూడుడు. ఆపునప్పుడు తలక్రిందులు వరుస: ముందు వస్తువులన్నిటిని విడదీసి, ఒట్టి యంత్రమును ఒక నిముషము తిరుగనిచ్చి ఆపవలెను. పెట్రోలు అయిపోయి దానియంతట అది ఆగువరకు ఉపేక్షింపరాదు. ఆగబోవు యింజను ఎక్కిళ్లు పెట్టుచు వోల్టేజిని ఊపివేయును. ఒకమారు ఆగిన ఫ్రిజ్జును వెంటనే మరల వేయక అయిదు నిముషములు నిలుపుడు; లోపలి వాయుపీడనము సమమైనగాని కంప్రెసరు సుఖముగా బయలుదేరదు.

ఫ్రిజ్జుకొరకు పగలెల్ల యంత్రమును నడుపుట పెట్రోలును గాలికి ధారపోయుటయే. తలుపు తెరువకున్నచో అది దాదాపు నాలుగు గంటలు చల్లదనమును నిలుపుకొనును. కావున తడవకు గంట, గంటన్నర చొప్పున, నాలుగేసి గంటలకు మించని యెడముతో నడిపిన చాలును. చిక్కెల్ల తలుపుతోనే. మజ్జిగకొరకొకరు, మంచినీటికొకరు తెరుచుచుండినచో ఏ జనరేటరును చల్లదనమును నిలుపలేదు. ఇన్సులినును ఒక డబ్బాలో పెట్టి క్రింది అరలో ఉంచుడు. గడ్డకట్టు అరలోగాని, దాని నంటిగాని పెట్టరాదు, గడ్డకట్టిన ఇన్సులిను పనికిరాదు. విప్పని సీసాలకు 2 మొదలు 8 డిగ్రీల చలువ కావలెను. వాడుకలోనున్న సీసా చాల రకములకు నాలుగు వారములవరకు మామూలు గదిచల్లదనమున నిలుచును. ఏ రకమునకెంతయో పెట్టెలోని కాగితముమీద నుండును. పెట్రోలు దొరకనినాడు క్రొత్తకుండలో తడియిసుక పోసి, అందులో చిన్నముంత నుంచి, మూతపెట్టి సీసా నుంచుకొనవచ్చును. సీసాకు తడి తగులరాదు.

కొత్తపేటనుండి యొక సోదరి, జనరేటరు నడుచుచున్నను ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ నిండుట లేదని వ్రాసినారు. చాల ఇన్వర్టర్లకు వెనుకప్రక్క ఒక చిన్న మీట యుండును. అది కంప్యూటరుకొరకైన 'యూపీఎస్' వైపున నున్నచో ఇన్వర్టరు మడికట్టుకొనినదానివలె, కొంచెము హెచ్చుతగ్గులున్న కరెంటును ముట్టదు. మీటను రెండవవైపునకు త్రిప్పినచో మరికొంత ఎడము సహించి గ్రహించును. లైను వచ్చినతరువాత మరల యథాస్థానమునకు త్రిప్పుకొనుడు.

ఇంతవరకు వస్తువుల మాట. కాలిన ఫ్రిజ్జును మరల కొనుక్కొనవచ్చును. ఇక చెప్పబోవునది మనుష్యుల మాట.

జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారము, మగతగా వచ్చి, నిద్రించువారిని నిద్రలోనే తీసికొనిపోవును. వాన కురియుచున్నదని యంత్రమును వసారాలోనికో, మండువాలోనికో ఈడ్చు అలవాటు మన ప్రాంతమున కలదు. మండువా నడుమ ఆకాశము కనబడుచున్నది గదాయని పెద్దలు వాదింతురు. నాలుగు వైపుల గదులు, నడుమ యంత్రము. గాలి మండువాలో సుడి తిరిగి పొగను గదులలోనికే నెట్టును. తలుపులు, కిటికీలు తెరిచియున్నవనుట సమాధానము కాదు. ఇంటికి కనీసము ఇరువది అడుగుల దూరమున, కిటికీలకు ఎడముగా, పొగగొట్టము ఇంటివైపు తిరుగకుండ ఆరుబయట నుంచవలెను. పైన రేకు కప్పు మాత్రముండి చుట్టును తెరపియైన చోటు మేలు. అట్టి చోటు లేనిచో వాన వెలియువరకు చీకటిలో నుండుడు. ఎవరికైన తల దిమ్మెక్కినచో కాఫీ కాచి యిచ్చుచు కూర్చొనక వెంటనే బయటి గాలిలోనికి తీసికొనిపోయి, వైద్యునికి కబురు పంపవలెను.

రెండవది మరియొకరి బిడ్డ ప్రాణము. కొందరు రెండు కొనలను పిన్నులున్న తీగ చేయించి, ఒక కొనను జనరేటరునకును, రెండవ కొనను గోడలోని ప్లగ్గునకును తగిలించి ఇల్లంతయు వెలిగింతురు. మెయిను తీయుట మరచిన ఆ కరెంటు ఇంటితో ఆగదు. తీగవెంట వెనుకకు నడిచి ట్రాన్సుఫార్మరును చేరి, అచ్చట 11 వేల వోల్టులవరకు పెరుగును. లైనులో కరెంటు లేదనుకొని స్తంభ మెక్కిన లైన్‌మన్ చేయి ఆ తీగమీద నుండును. తుఫాను పిమ్మట మన ఊళ్లకు వచ్చి బురదలో నిలిచి స్తంభములు నాటువారిలో పొరుగు జిల్లాలనుండి వచ్చినవారు ఎందరో యుందురు. ఆ తీగ మీ యింట నున్నచో నేడే పిన్నులు కోసి పారవేయుడు. ఇల్లంతటికి కావలయునన్నచో ఛేంజోవరు స్విచ్చి పెట్టించుకొనుడు. అది లైనునైనను జనరేటరునైనను, ఒక్కదానినే ఇంటికి తగులనిచ్చును. అంత వ్యయము వలదన్నచో లావుపాటి తీగను జనరేటరునుండి నేరుగా ఫ్రిజ్జునొద్దకు తెచ్చుకొనుడు.

లైను మరల వచ్చు ఘడియయు నమ్మదగినది కాదు. మట్టలు పడి న్యూట్రలు తీగ తెగినచో కొన్ని యిండ్లకు 230కి మారుగా 400 వోల్టులవరకు రావచ్చును. వస్తువులన్నిటిని ప్లగ్గునుండి ఊడదీసి, ఒక్క పాతరకపు తంతి బల్బును వేసి యుంచుడు. అది మామూలుగా వెలుగుచు అరగంట నిలుకడగా నున్నచో ఒక్కొక్కటిగా తగిలించుకొనుడు. తెల్లగా మండినచో వెంటనే మెయిను తీయుడు. ఎల్‌ఈడీ దీపము ఈ సంగతి చెప్పదు, హెచ్చుతగ్గులను దాచి ఒకేతీరున వెలుగును. కాబట్టి పాతబల్బు నొకదానిని పారవేయక దాచుకొనుడు.

పెట్రోలు వంటయింట నుంచరాదు. వేడిగానున్న యింజనులో పోయరాదు. నెలకొకమారు పది నిముషములు ఏదైన బరువుతో నడిపి చూచుచుండవలెను. చాల నెలలు వాడనిచో కార్బురేటరులోని పెట్రోలును తీసివేయవలెను, లేనిచో జిగురు కట్టి, కావలసిననాడు తాడు ఎంత లాగినను పలుకదు. తాడు లాగుట మగవారి పనియని కొన్ని యిండ్లలో అనుకొనుచున్నారు. పెట్రోలు కుళాయి విప్పుట, చోకు లాగుట, తాడును మొదట మెల్లగాను పిదప వడిగాను లాగుట — పొత్రముతో పప్పు రుబ్బిన చేతులకు ఇది యేపాటి? దసరా సెలవులలో ఒక సాయంకాలము పెరటిలో నేర్చుకొనుడు.