ఆయిల్ ఖర్చు ఎవరి వాటాలో నుండి?

ఉప్పళం రేవులోనైనా, యానాంలోనైనా, ఖర్చులు పోగా మిగిలినదే పడవకార్మికులకు వాటాగా వస్తుంది. కనుక ఇంజన్ ఆయిల్ ధర పడవ యజమాని ఒక్కని సమస్య కాదు.

టూ స్ట్రోక్ ఇంజనులో ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోతుంది. ఫోర్ స్ట్రోక్‌లో అది లోపలే నిలిచి పదే పదే తిరుగుతుంది. గంటల తరబడి నిండు వేగంతో నడిచే ఔట్‌బోర్డ్ ఇంజనులో సింథటిక్ ఆయిల్ వేడికి త్వరగా చెడదన్నది నిజమే. కాని ఒకసారి పోస్తే సీజనంతా చూడనక్కరలేదని అమ్మకందారు చెబితే అది శుద్ధ మోసం. వల వేసేటప్పుడు నెమ్మదిగా నడిచే ఇంజను తగినంత వేడెక్కదు. కాలని పెట్రోలు దిగి ఆయిలును పలుచన చేస్తుంది. డిప్‌స్టిక్‌పై మట్టం పెరిగితే సంతోషించవలసిన పని లేదు, వాసన చూడాలి. ఎంత ఖరీదైన ఆయిలైనా పెట్రోలును వడగట్టలేదు!

తయారీదార్లు సాధారణంగా మొదట 20 గంటలకు, ఆపై ప్రతి 100 గంటలకు ఆయిల్ మార్చమంటారు. విహారపడవకు 100 గంటలంటే ఒక ఏడాది. రోజుకు ఏడు గంటలు వేటాడే పడవకు రెండు వారాలు. ఈ లెక్కన సింథటిక్ ధర ఎవరు భరించగలరు? అమెరికా పడవ తయారీదార్ల సంఘం ఉప్పునీటి తుప్పు పరీక్షతో సహా జరిపి ఇచ్చే ఎఫ్‌సి-డబ్ల్యు ముద్ర మినరల్ ఆయిలుకూ లభిస్తుంది. ఆ ముద్ర ఉన్న ఆయిలును, ఇంజన్ పుస్తకం చెప్పిన గ్రేడులో, వేళకు మార్చడమే మేలని మా అభిప్రాయం.

ఆ ఆయిలును సహకార సంఘాలు సరసమైన ధరకు సరఫరా చేయాలి. ఇంజన్ పుస్తకాలు తమిళంలోనూ, తెలుగులోనూ ముద్రించాలి. తీసిన పాత ఆయిల్ రేవు నీటిలో కలవకుండా సేకరించే ఏర్పాటు వెంటనే జరగాలి.