881 తర్వాత ఒకటి

పత్రిక రూపురేఖలు మార్చే మాటలు నడుస్తుంటే, పేజీలు కట్టే అబ్బాయి ఒక సలహా ఇచ్చాడు. ఎలాగూ అక్షరాలు మారుస్తున్నాం, కొలత మారుస్తున్నాం, పనిలో పనిగా అట్ట మీద సంపుటి 1, సంచిక 1 అని వేసేద్దాం సార్, కొత్త పాఠకులు జంకకుండా కొంటారు, అన్నాడు. అతని లెక్కలో తప్పేం లేదు. అయినా వద్దన్నాను. ఎందుకని అడిగితే బ్యాట్‌మాన్ గురించి చెప్పాల్సి వచ్చింది. సాహిత్య పత్రికవాళ్ళకి బ్యాట్‌మాన్‌తో ఏం పనండీ అని సహసంపాదకురాలు నవ్వేసింది. పనుంది.

2011లో ఉద్యోగం మీద న్యూజెర్సీలో ఉండేవాణ్ణి. అక్కడ కొత్త కామిక్స్ దుకాణాలకు వచ్చేది బుధవారం. ఇంటికి పోయే దారిలో ఒక చిన్న కొట్టు ఉండేది. కావలసిన పేర్లు ముందే రాసిచ్చి వస్తే, వచ్చినవి వచ్చినట్టు మన పేరు మీద ఒక అరలో తీసి ఉంచేవాడు. నా అరలో నాలుగైదు ఉండేవి. వాటిలో బ్యాట్‌మాన్ కథలొచ్చే డిటెక్టివ్ కామిక్స్, బ్యాట్‌గర్ల్, సీక్రెట్ సిక్స్ తప్పనిసరి.

ఆ ఏడు మే 31న డీసీ కామిక్స్ సంస్థ ఒక ప్రకటన చేసింది. ఆగస్టుతో ఇప్పుడు నడుస్తున్నవన్నీ సరి. ఆ తర్వాత 52 పుస్తకాలు, అన్నీ ఒకటో సంచిక నుంచి మొదలు. 1937 నుంచి వస్తున్న డిటెక్టివ్ కామిక్స్ 881 దగ్గర ఆగి ఒకటవుతుంది. 1938లో సూపర్‌మాన్ పుట్టిన యాక్షన్ కామిక్స్ 904 దగ్గర ఆగి ఒకటవుతుంది. అమ్మకాలు పడిపోతున్నాయి, తొమ్మిది వందలు దాటిన అంకె చూసి కొత్తవాడు భయపడతాడు, పైగా ఇకమీద కాగితంతోపాటు అదే రోజు కంప్యూటర్లోనూ అమ్మాలి. పత్రిక నడిపేవాడిగా ఈ బాధ ఇప్పుడు నాకు బాగా తెలుసు. జెఫ్ జాన్స్ రాసి జిమ్ లీ బొమ్మలు వేసిన జస్టిస్ లీగ్ ఒకటో సంచికకు ఆర్డర్లు రెండు లక్షలు దాటాయి. వ్యాపారం వరకూ వాళ్ళు గెలిచారనే చెప్పాలి.

అంకె ఒక్కటే అయితే ఇంత రాయను. కథలోనూ కారణం కల్పించారు. ఫ్లాష్ అనే వీరుడు చనిపోయిన తల్లిని బతికించుకోవాలని కాలంలో వెనక్కి పరుగెడతాడు. కాలం పగులుతుంది. మళ్ళీ అతికించాక చూస్తే అది పాత లోకం కాదు. 1996లో జరిగిన సూపర్‌మాన్, లోయిస్‌ల పెళ్ళి జరగలేదు. ఇతని స్థానంలో ఇరవై ఏళ్ళకు పైగా ఫ్లాష్‌గా పరుగెత్తిన వాలీ వెస్ట్ అసలు లేడు. సూపర్‌మాన్ ఎర్ర చెడ్డీ కూడా లేదు. దానికి నేనేం ఏడవలేదు గానీ.

మన వారపత్రికల సీరియల్ చివర రెండు మాటలే ఉండేవి. ఇంకా ఉంటే సశేషం, అయిపోతే సమాప్తం. మా అమ్మ పత్రికల పిన్నులు ఊడదీసి, సీరియల్ పేజీలు వేరుచేసి, దబ్బనంతో కుట్టుకుని దాచుకునేది. వీధంతా తిరిగి వచ్చేసరికి వాటికి చివరి పేజీలుండేవి కావు. ఆఖరికి ఏమైందే అని అడిగితే తనే చెప్పేది, ఒక్కోసారి ఒక్కోలా. సూపర్‌హీరో కామిక్స్‌కు సమాప్తం లేదు. ఎనభై ఏళ్ళు దాటినా సశేషమే. అలవాటు పడ్డవాళ్ళం, మన తర్వాత కూడా నడుస్తుందిలే అన్న ధీమాతో చదువుతాం. ఆ వేసవిలో మొదటిసారి, ఇది అయిపోతుందని తెలిసి చదివాను.

బ్యాట్‌గర్ల్ సంగతి కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి. ఆ ముసుగు వెనక అప్పుడున్నది స్టెఫనీ బ్రౌన్. 1992లో డిటెక్టివ్ కామిక్స్ 647లో చిన్న పాత్రగా వచ్చింది. తండ్రి దొంగ, అదీ తన నేరాలకు తనే ఆనవాళ్ళు వదిలే రకం. తల్లి నర్సు. తండ్రిని పట్టించడానికే మొదట ముసుగు కట్టింది. నీవల్ల కాదు, మానెయ్ అని బ్యాట్‌మానే ఆమెతో అన్నాడు. 2004లో చంపేశారు. 2008లో, చావలేదంటూ వెనక్కి తెచ్చారు. 2009 ఆగస్టులో ఆమెకు బ్యాట్‌గర్ల్ వేషం ఇచ్చి, బ్రయన్ క్యూ. మిల్లర్ చేత కొత్త పుస్తకం రాయించారు. పగలు కాలేజీ, రాత్రి కప్పుల మీద దూకుళ్ళు, తెల్లారితే అమ్మకు అబద్ధాలు. ఆ పుస్తకంలో ఆమె ఎన్నుకోబడిన వీరురాలు కాదు. ఎవరూ రమ్మనకపోయినా వచ్చి, వెళ్ళమన్నా వెళ్ళని పిల్ల. అందుకే నచ్చింది.

దాని చివరి సంచిక 24. అందులో స్టెఫనీ బ్లాక్ మెర్సీ ప్రభావానికి లోనై కలలోకి జారుతుంది. 1985లో అలన్ మూర్, డేవ్ గిబన్స్ ఒక సూపర్‌మాన్ కథ కోసం కల్పించిన మొక్క అది. తగులుకున్నవాళ్ళకు మనసు కోరుకున్న బతుకునే కలగా చూపిస్తుంది. స్టెఫనీకి తను ముందు ముందు చేయబోయే సాహసాలు కనిపిస్తాయి. పేజీ నిండా ఒక బొమ్మ, పేజీ తిప్పితే మరో కథ. ఏ ఒక్కటీ ఇక రాయబడదు. ఇంకో నాలుగైదేళ్ళకు సరిపడా కథలను ఆ రచయిత పేజీకొకటి చొప్పున మా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయినట్టు అనిపించింది. కొట్టు బయట కారులో కూర్చుని చదివాను. ఇంటికెళ్ళేదాకా ఆగలేకపోయాను.

ఆమె స్థానంలోకి మొదటి బ్యాట్‌గర్ల్ బార్బరా గార్డన్ తిరిగొచ్చింది. 1988లో జోకర్ తుపాకీ దెబ్బకు చక్రాల కుర్చీ పాలైన బార్బరాను ఆ మరుసటేడే కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ ఓరాకిల్ చేశారు. కుర్చీలోంచే లోకంలోని వీరులందరికీ దారి చెప్పే మనిషి. ఇప్పుడామె లేచి నడుస్తుంది. సంతోషించాల్సిందేగా అంటారు. కుర్చీలో ఉండి ఆమెను చదువుకున్నవాళ్ళలో చాలామంది సంతోషించలేదు. కొత్త బ్యాట్‌గర్ల్ రాసింది గెయిల్ సిమోన్. అదే వేసవిలో ఆమె రాస్తున్న సీక్రెట్ సిక్స్ 36తో ముగిసింది. అందులో వాళ్ళంతా విలన్లు. చుట్టూ వీరుల సైన్యం. గెలవమని తెలుసు. తెలిసే, బలం పెంచే విషం ఒంట్లోకి ఎక్కించుకుని తలుపు తీసుకుని బయటికి దూకుతారు. ఆ నెలలో నేను చదివిన వీడ్కోళ్ళలో దానికంటే నిజాయితీ ఉన్నది లేదు.

జులైలో శాన్ డియాగో కామిక్ కాన్‌లో స్టెఫనీ వేషం వేసుకున్న ఒక పాఠకురాలు సభ తర్వాత సభలో మైకు ముందు నిలబడింది. స్టెఫనీ ఏమవుతుంది, కొత్త పుస్తకాల్లో ఆడవాళ్ళు ఇంత తక్కువేమిటి అని అడిగింది. ఇదే సంస్థ ఒకప్పుడు వీడ్కోలు మర్యాదగా చెప్పింది కూడా. 1986లో జాన్ బర్న్ సూపర్‌మాన్‌ను మొదటి నుంచి మొదలుపెట్టబోతుంటే, సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ పాత సూపర్‌మాన్‌కు చివరి కథ కావాలని పట్టుబట్టాడు. అలన్ మూర్ రాశాడు. ఎన్నో ఏళ్ళు ఆ బొమ్మ వేసిన కర్ట్ స్వాన్ చేతే వేయించారు. 2011లో మూడు నెలల్లో ఇల్లు ఖాళీ చేయమన్నారు.

మనవాళ్ళు కథలు మార్చలేదా అంటే, అంతకన్నా ఎక్కువే మార్చారు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. 1957 మాయాబజార్ చూసినవాళ్ళకు ఆమె లేని భారతం లేదు. ఒకరు కలిపితే ఇంకొకరు కలిపారు తప్ప, ముందటిది జరగలేదు పొండి అని చెప్పే హక్కు ఎవరికీ లేకపోయింది. కథకు యజమాని లేడు గనక. జెర్రీ సీగెల్, జో షుస్టర్ సూపర్‌మాన్‌ను 130 డాలర్లకు రాసిచ్చేసినప్పుడు బొమ్మతోపాటు అతని గతాన్ని కూడా రాసిచ్చేశారు. నాకు మింగుడు పడనిది అదే. కథ ఆపడం వాళ్ళిష్టం. నేను చదివింది జరగలేదనడమే బాగాలేదు.

కొత్త 52 పేర్ల కాగితం కొట్టువాడు నా ముందు పెట్టి టిక్కు పెట్టమన్నాడు. తర్వాత ఇస్తానని జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఇవ్వలేదు.

కోపం ఎన్నాళ్ళుంటుంది! 2016లో వాళ్ళే మనసు మార్చుకున్నారు. వాలీ వెస్ట్ వెనక్కొచ్చాడు. డిటెక్టివ్ కామిక్స్ మళ్ళీ పాత లెక్క అందుకుని 934గా వచ్చింది. 881కి కొత్తవి 52 కలిపితే 933, తర్వాతది 934. మధ్యలో వచ్చిన సున్నా సంచికను మాత్రం లెక్కలోంచి వదిలేశారు. యాక్షన్ కామిక్స్ 2018 ఏప్రిల్లో వెయ్యికి చేరింది, ఎర్ర చెడ్డీతో సహా. స్టెఫనీ 2014లోనే తిరిగొచ్చినా, నేనెరిగిన పిల్ల కాదు. తనకు ఆ 24 సంచికలు తెలియవు. నేను 934 కొన్నాను, అక్కణ్ణుంచి మరికొన్ని.

హైదరాబాదు వచ్చేశాక ఆ కామిక్స్ పెట్టెను బైండింగు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. కామిక్స్ దాచేవాళ్ళు వింటే గుండె పట్టుకుంటారు. వాళ్ళకి ప్లాస్టిక్ కవరులోంచి తీయడమే పాపం. నేను అమ్మ కొడుకుని. ఆయన నేల మీద గోనె పరిచి, అంకెలు చూసుకుంటూ పేర్చాడు. ఒకచోట ఆగాడు.

“నెంబర్లు కలవట్లేదు సార్. 881 తర్వాత 934 ఉంది. యాభై రెండు లేవు. ఇంట్లో ఉండిపోయాయేమో చూసుకోండి.”

“లేవండీ. కొనలేదు.”

“తర్వాత కొంటారా?”

ఏం చెప్పాలో తోచలేదు. ఆయన కాసేపు చూసి, పక్కనున్న కట్టలోంచి తెల్ల కాగితాలు లాగాడు.

“పోనీ ఇక్కడ ఖాళీ కాగితాలు పెట్టి కుట్టేస్తాను. రెండు చాలా?”

నాలుగు పెట్టమన్నాను.