వేలంలో పూర్వజన్మ కర్మ

శోధనయంత్రాల ప్రకటనల్లో సొమ్ము ఎక్కువ పెట్టినవాడిదే పైమెట్టు అన్నది 1998లో గోటూ.కామ్ నెలకొల్పిన న్యాయం. 2002లో గూగుల్ దానికి క్లిక్కుల నిష్పత్తిని జోడించి పాఠకుడి తీర్పుకు విలువనిచ్చింది. అంతవరకు శ్లాఘనీయమే.

నా అభ్యంతరం ఆ తరువాతి సంగతిపైన. ఒక కీలకపదం గతంలో రాబట్టిన క్లిక్కులే దాని భవిష్యత్తు అంచనాకు ఆధారం. అంచనా తగ్గితే అదే స్థానానికి ఎక్కువ మూల్యం చెల్లించాలి. ప్రకటనదారుకు చూపేది మాత్రం పదికి ఇన్నని ఒక మార్కు, 'సగటుకంటే తక్కువ' అన్న ముద్ర. ఆ మార్కు కూడా వేలంలో లెక్కకు రాదని గూగులే చెబుతోంది!

చిత్రగుప్తుడి చిట్టా కనబడదు. శిక్ష మాత్రం రూపాయల్లో పడుతుంది. చరిత్రను లెక్కించడం తప్పని నేననను. లెక్క చూపకుండా వసూలు చేయడం అన్యాయమంటాను. మీరేమంటారు?