స్లైడ్లకు ఏది మేలు?

స్లైడ్లు అనగానే మనకు 1987లో వచ్చిన పవర్‌పాయింటే గుర్తొస్తది. మంచిదే, కానీ కంప్యూటర్లో వేసుకోవాలంటే డబ్బు కట్టాలి. కాన్వాలో తయారు డిజైన్లు దొరుకుతయి. గూగుల్ స్లైడ్స్‌లో నలుగురు కలిసి ఒకేసారి పనిచేయవచ్చు. కానీ ఆ రెండింటికీ ఎక్కువగా నెట్ కావాలి. గాలివాన వస్తే మన రాయపోల్‌లో నెట్ సంగతి చెప్పాల్నా?

నా అభిప్రాయంలో మనకు లిబ్రాఫీస్ ఇంప్రెస్ మేలు. అది ఉచితం. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తది. పవర్‌పాయింట్ ఫైళ్లను కూడా తెరుస్తది. అక్షరాలు కొంచెం అటూఇటూ జరిగితే సర్దుకోవాలి, అంతే.

మొన్న ఒక పోటీలో మా తండా తీజ్ పండుగ మీద నేను చేసిన స్లైడ్లు పిచ్చిగీతల్లా కనబడ్డయి. తప్పు నాదే. యూనికోడ్ కాని పాత ఫాంటులో టైపు చేసిన, అక్కడ ఆ ఫాంటు లేదు. మన గోర్‌బోలి మాటలు తెలుగు లిపిలోనే రాస్తాం గదా! అందుకే యూనికోడ్‌లో టైపు చేయండి, పీడీఎఫ్ కూడా దగ్గర పెట్టుకోండి.

వార్డెన్ సార్‌కు మనవి: మన కంప్యూటర్లలో ఇంప్రెస్ వేయించండి. పైసా ఖర్చు లేదు.

చివరి మాట: ముందు నోట్‌బుక్కులో రాసుకొని నేర్చుకుందాం. కరెంటు పోయినా చెప్పగలగాలి!

– 9వ తరగతి విద్యార్థి